ఎర్రచందనం గింజ నుంచి: ఎండిన మొక్కలను పీకేయకు

తమ్ముడూ, ముందు ఒక్క మాట. ఎండిపోయాయంటున్న ఆ నాలుగు మొక్కలనూ పీకేయకు. ప్యాకెట్లు ఎక్కడున్నవి అక్కడే ఉండనీ. మిగతాదంతా నిదానంగా చెప్తాను.

నువ్వు రాసింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. పోయిన ఏడు జూన్‌లో మీ మామగారి ఊళ్లో గట్టు మీదున్న ఎర్రచందనం చెట్టు కింద రాలిన కాయలు రెండు వందలు ఏరుకొచ్చి మడిలో పోశావు. పదకొండు మొలిచాయి. వాటిని ప్యాకెట్లలోకి మార్చావు. ఫిబ్రవరి వచ్చేసరికి నాలుగింటికి ఆకులు రాలి, కాడ కొన నుంచి కిందికి నల్లబడుతూ ఎండిపోయింది. రోజూ నీళ్లు పోస్తున్నా ఎందుకిలా అయిందో తెలియడం లేదన్నావు. ఈ మార్చిలో మళ్లీ కాయలు తెచ్చి ప్లాస్టిక్ కవర్లో కట్టి పెట్టావు. చేను కమలాపురం వైపు, కింద నల్లరేగడి, పై చెక్క ఎర్ర గరుసు. మీ నాన్నగారేమో ఇదంతా వదిలేసి మొక్కలు కొనుక్కొచ్చి ఎకరమంతా పెట్టేద్దాం, పదిహేనేళ్లలో కోట్లు వస్తాయంటున్నారు.

మాది రైల్వేకోడూరు దగ్గర చిన్న నర్సరీ. మామిడి, నిమ్మ అంట్ల పని మధ్యలో ఇరవై రెండేళ్లుగా ఎర్రచందనం కూడా పోస్తున్నాను. నీ మొక్కలకు వచ్చిందే మొదటి ఏడు నాకూ వచ్చింది. సంక్రాంతి దాటాక అరవై ప్యాకెట్లలో ఆకులు రాలిపోయాయి. నీళ్లు చాలలేదేమో అని జాలిపడి పొద్దున, సాయంత్రం పోశాను. నెలకు కాడలు కూడా విరిగాయి. చచ్చిపోయాయి కదా అని ప్యాకెట్లు చించి మట్టిని పశువుల కొట్టం వెనక పారబోశాను. ఆ జూన్‌లో ముంగారి వానలు పడ్డాక మా అత్తగారు పిలిచి చూపించారు. ఆ మట్టికుప్పలో ఎనిమిదో తొమ్మిదో చోట్ల ఎర్రటి చిగుళ్లు. నేను చంపింది పోగా మిగిలిన వేర్లు అవి.

ఎర్రచందనం చిన్న మొక్క తీరే అంత. కొండలో గింజ తొలకరికి మొలుస్తుంది. కార్తీకం దాకా పెరుగుతుంది. పెరుగుతుందంటే పైకి జానెడు కూడా ఉండదు, పనంతా కిందే జరుగుతుంటుంది. తల్లివేరు నేరుగా దిగిపోయి, ముల్లంగిలా కాస్త లావెక్కి, తిండి దాచుకుంటుంది. మాఘంలో పెద్ద చెట్లతో పాటు చిన్న మొక్కా ఆకు రాలుస్తుంది. ఎండాకాలం మన కొండల రాళ్ల మీద నలభై నాలుగు డిగ్రీలు కాసినప్పుడు ఆ పుల్లలాంటి కాడ నిలబడలేదు, మొదలు దాకా ఎండిపోతుంది. మళ్లీ వాన పడితే వేరు మొదలు నుంచి కొత్త చిగురు. ఆ ఏడు ఇంకొంచెం పొడుగు. మళ్లీ ఎండుతుంది. అడవిలో ఇలా కొన్నేళ్లు నడుస్తుంది. కింద వేరు చాలినంత బలిసిన ఏడు, కాడ ఒక్కసారి పైకి లేస్తుంది, ఇక ఎండదు. అడవి శాఖ వాళ్లు దీన్ని డైబ్యాక్ అంటారు.

ఈ వేరు ఎంత గట్టిదో తెలియాలంటే పాత ప్లాంటేషన్ల పద్ధతి వింటే చాలు. ఏడాది మొక్కను మడిలో నుంచి పెరికి, పైన కాడను అంగుళం మిగిల్చి కోసేస్తారు, వేరును జానెడు ఉంచి కొన కత్తిరిస్తారు. పెన్సిల్ ముక్కలాంటిది చేతిలో మిగులుతుంది. దాన్ని స్టంపు అంటారు. వానాకాలంలో గడ్డపారతో చిల్లి చేసి అందులో దింపి మడమతో తొక్కితే చిగురేస్తుంది. అట్లా నరికినా బతికేది, ఆకు రాలినంత మాత్రాన ఎందుకు చస్తుంది?

కాబట్టి ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. ఎండిన కాడను మట్టికి ఆనుకున్న చోట గోటితో కాస్త గీకి చూడు. లోపల పచ్చగా ఉంటే ఇక ఏ అనుమానమూ లేదు. పచ్చదనం లేకపోతే పుల్లతో అంగుళం లోతు మట్టి మెల్లగా తప్పించి వేరు మొదలు నొక్కి చూడు. గట్టిగా ఉంటే బతికే ఉంది, మట్టి కప్పేయి. మెత్తగా నొక్కుకుపోయి కుళ్లు వాసన వస్తే మాత్రం పోయినట్టే, ఆ ప్యాకెట్ తీసి దూరంగా పారేయి. రోజూ నీళ్లు పోయడం ఈ రోజే ఆపు. ఆకు లేని మొక్క నీళ్లు తాగదు. ఆ నీళ్లన్నీ ప్యాకెట్ అడుగున నిలిచి వేరును కుళ్లబెడతాయి. వారానికోసారి, మట్టి పూర్తిగా ఆరిందని వేలు పెట్టి చూసుకుని, ఒక గ్లాసు చాలు. ఆకులున్న ఏడింటికి రెండు రోజులకోసారి పోయి. ప్యాకెట్లు నేల మీద నేరుగా ఉంటే నెలకోసారి జరిపి పెట్టు, లేకపోతే వేరు అడుగు చించుకుని నేలలోకి పోతుంది, తర్వాత ఎత్తేటప్పుడు తెగుతుంది.

ఇక రెండు వందలకు పదకొండే ఎందుకు మొలిచాయని అడిగావు. ఇందులో నీ తప్పు కొంచెమే. ఈ కాయ సంగతి తెలిస్తే నీకే అర్థమవుతుంది. గుండ్రంగా, బిళ్లలా, చుట్టూ పల్చటి రెక్కతో ఉంటుంది కదా, మధ్యలో ఉబ్బెత్తుగా ఉన్న గట్టి భాగంలో ఒకే గింజ, ఎప్పుడైనా రెండు. గింజ తోలు పల్చగానే ఉంటుంది, గట్టిదంతా పైనున్న కాయ పెంకు. అది నీళ్లను తొందరగా లోపలికి పోనివ్వదు. పైగా చాలా కాయల్లో గింజే ఉండదు, ఉత్త తాలు. ఉన్నవాటిలో కొన్నింటిని పురుగు తినేసి ఉంటుంది. పూత ఏప్రిల్, మే నెలల్లో వస్తే కాయ పండి గోధుమ రంగుకు తిరిగేసరికి మళ్లీ జనవరి, ఫిబ్రవరి అవుతుంది. నువ్వు జూన్‌లో చెట్టు కింద ఏరినవి అప్పటికి నాలుగు నెలలుగా ఎండకూ పురుగుకూ పడి ఉన్నవి. మంచి తాజా కాయతోనే సగం మొలిస్తే మా నర్సరీలో ఆ ఏడు బాగా మొలిచిందని చెప్పుకుంటాం.

ఈసారి చెట్టు మీద నుంచే కోశానన్నావు, మంచి పని చేశావు. ఆ ప్లాస్టిక్ కవర్లో నుంచి మాత్రం ఇవాళే తీయి. లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. రెండు రోజులు నీడలో ఆరబోసి గుడ్డసంచిలో పోసి గాలి తగిలే చోట వేలాడదీయి. వచ్చే ఏటికి దాచుకోవద్దు, దాచే కొద్దీ మొలక తగ్గుతుంది. పోసే ముందు పది కాయలు తీసి కత్తితో చీల్చి చూడు. పదిలో ఎన్నింటిలో నిండు గింజ, ఎర్రగోధుమ రంగులో నునుపుగా కనిపిస్తే, నీ సంచిలో ఉన్న గింజల లెక్క సుమారు అదే. నీళ్లలో వేసి తేలినవి తాలు అని పారేయడం వేరుశనగకు చెల్లుతుందేమో కానీ దీనికి చెల్లదు. రెక్క ఉండటం వల్ల మంచి కాయలూ తేలుతాయి.

ఆ తల్లిచెట్టు ఎర్రచందనమేనని కూడా ఒకసారి గట్టిచేసుకో. వేగిస చెట్టు కాయా ఇట్లాగే రెక్కతో బిళ్లలా ఉంటుంది, రెండూ దగ్గరి చుట్టాలే. ఎర్రచందనానికి ఒక్కో ఈనెకు గుండ్రటి ఆకులు మూడే ఉంటాయి, ఎక్కడో ఐదు. వేగిసకు ఐదు నుంచి ఏడు. పెద్ద ఎర్రచందనం బెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలి నల్లగా ఉంటుంది.

పోసే ముందు నేను చేసేది ఇదీ. మే మూడో వారంలో కాయల రెక్కలను కత్తెరతో చుట్టూ కత్తిరిస్తాను, మధ్య ఉబ్బు జోలికి పోను. రాత్రి బకెట్ నీళ్లలో నానబెడతాను, తేలకుండా పైన గోనెసంచి మడిచి రాయి పెడతాను. పొద్దున తీసి ఎండలో పరుస్తాను. రాత్రి మళ్లీ కొత్త నీళ్లు. ఇలా ఆరు రోజులు. తడవడం, ఆరడం, మళ్లీ తడవడంతో పెంకు పట్టు సడలుతుంది. మూడు రోజులు పేడనీళ్లలో ఉంచి పోసేవాళ్లూ ఉన్నారు, అదీ పనిచేస్తుంది. తుమ్మ గింజలకు పోసినట్టు మరిగే నీళ్లు మాత్రం పోయొద్దు, లోపలి పల్చటి గింజ ఉడికిపోతుంది. ఓపిక ఉంటే పెంకు చీల్చి గింజను బయటికి తీసి పెట్టొచ్చు, తొందరగా మొలుస్తుంది. కానీ చీల్చేటప్పుడు చాలా గింజలు తెగుతాయి, చెయ్యీ తెగుతుంది. నీకున్న వంద కాయల్లో ఒక ఇరవైతో ప్రయత్నించి చూడు, అంతకు మించి వద్దు.

మడి జానెడు ఎత్తు ఉండాలి. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు సమంగా కలిపితే చాలు. కాయను పడుకోబెట్టి పైన అర అంగుళం ఇసుక చల్లి, వరిగడ్డి పల్చగా కప్పు. పొద్దున, సాయంత్రం సన్నటి జల్లు. పది పదిహేను రోజులకు మొదటి మొలక లేస్తుంది, గడ్డి తీసేయి. ఇక్కడే అందరూ తొందరపడతారు. మూడు వారాలు చూసి మిగిలినవి మొలవవని మడి తవ్వేస్తారు. నలభై రోజుల దాకా ఒకటీ అరా లేస్తూనే ఉంటాయి.

ముందు రెండు పప్పాకులు, ఆ తర్వాత వచ్చే మొదటి ఆకులు విడి విడిగా ఒక్కొక్కటే ఉంటాయి. మూడేసి ఆకులు కొన్నాళ్లకు గానీ రావు, అది చూసి వేరే మొక్కేమో అని కంగారుపడకు. అసలు ఆకులు రెండు విచ్చుకోగానే ప్యాకెట్లోకి మార్చేయి. ఆలస్యం చేస్తే వేరు లోతుకు దిగి, లాగేటప్పుడు తెగుతుంది. సాయంత్రం చల్లబడ్డాక, మడి తడిపి, పుల్లతో కింద నుంచి ఎత్తు. ఆకును పట్టుకో, లేత కాడను పట్టుకోకు. ప్యాకెట్ వెడల్పు కంటే పొడుగు ముఖ్యం. ఒక నెల షేడ్‌నెట్ కింద లేదా కొబ్బరిమట్టల పందిరి కింద, తర్వాత పూర్తి ఎండలోకి. నీడలో పెంచిన ఎర్రచందనం సాగి, వాలి, చేనులో నిలబడలేదు.

నేల మాటకొస్తే నేను గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. నల్లరేగడిలో పెట్టొద్దు. 2021 నవంబరులో చెయ్యేరు పొంగి అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన రోజులు నీకు గుర్తుండే ఉంటాయి. అప్పుడు మా తోటలో పల్లపు చెక్కలో నాలుగు రోజులు నీళ్లు నిలిచాయి. అక్కడున్న మామిడి మొక్కలు ఆకులు వాడి మళ్లీ తేరుకున్నాయి. పక్కనే ఉన్న మూడు మళ్ల ఎర్రచందనం పండుబారి, పెరికి చూస్తే వేర్లు నల్లగా వాసన కొట్టాయి. ఒక్కటీ మిగల్లేదు. అదే గింజ, అదే నెలలో పోసింది, వాలు మీదున్న మడిలో చెక్కుచెదరలేదు. ఈ చెట్టు పుట్టిందే రాతి వాలుల్లో. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండ చూడు, చెకుముకి రాయి, పలకరాయి, మధ్యలో చారెడు మట్టి. నీళ్లు పడ్డ వెంటనే జారిపోవాలి. నల్లరేగడి వానాకాలంలో నీళ్లు పట్టి ఉంచుతుంది, ఎండాకాలంలో నెర్రెలిచ్చి వేర్లను తెంపుతుంది. కింద చెక్కలో చెట్టు కావాలనుకుంటే నల్లతుమ్మ పెట్టు. ఎర్రచందనానికి పై గరుసు చెక్క వదిలెయ్యి. ఆ గరుసు నేల దేనికీ పనికిరాదని మీ నాన్నగారు అన్నారట కదా, దీనికి అంతకంటే మంచి నేల లేదు.

గుంతలు మే నెలలోనే తీయించు, ఒకటిన్నర అడుగు పొడుగు, వెడల్పు, లోతు. ఎండకు నెల కాగనీ. గుంతకూ గుంతకూ పన్నెండు అడుగులు. తీసిన మట్టిలోనే రెండు గంపల ఎరువు, చెదల కోసం గుప్పెడు వేపపిండి కలిపి పూడ్చు. మట్టి చుట్టుపక్కల కంటే కాస్త ఎత్తుగా ఉండాలి, పాదు పల్లంగా చేయకు. నీ పదకొండు మొక్కలు ఇప్పుడు నాటొద్దు. జూలైలో నేల లోతుగా తడిసిన వాన ఒకటి పడ్డాక నాటు. ఇంకో ఏడు ప్యాకెట్లలోనే ఉంచితే తల్లివేరు అడుగున చుట్టలు చుట్టుకుంటుంది, అది జీవితాంతం సరికాదు. నాటేటప్పుడు ప్యాకెట్ అడుగు అంగుళం కోసి పారేయి, చుట్టుకున్న వేరు అందులోనే పోతుంది.

కొత్త కాయల్లో సగం మడిలో పోసి, సగం నేరుగా గుంతల్లోనే పెట్టమంటాను. గుంతకు మూడు కాయలు, పైన ముళ్లకంప. ఎక్కడా కదలని వేరు ఎంత లోతు పోతుందో ప్యాకెట్ మొక్క వేరు అంత పోదు. మొదటి మూడేళ్లు నేరుగా మొలిచినవి చిన్నగా కనిపించి నీ మనసు గుంజుతుంది. ఓర్చుకో. మా గట్టు మీద ఇట్లా పెట్టినవే ఇప్పుడు నిటారుగా ఉన్నాయి. మేకల నుంచి మాత్రం కాపాడాలి, ఆకు వాటికి చాలా ఇష్టం. మొదటి రెండు ఎండాకాలాలు పదిహేను రోజులకోసారి ఒక బిందె నీళ్లు చాలు. డ్రిప్ వేసి రోజూ ఇవ్వకు. యూరియా అక్కర్లేదు, ఇది చిక్కుడు కుటుంబపు చెట్టు, గాలిలోని నత్రజనిని వేరు బుడిపెల ద్వారా తనే తెచ్చుకుంటుంది.

మీ నాన్నగారికి ఇది చదివి వినిపించు. కోట్ల లెక్కలు నమ్మొద్దండీ. ఈ చెట్టు విలువంతా లోపలి చేవలో ఉంది, బయటి తెల్లకొయ్యకు వంటచెరకు ధరే. మా అత్తగారు పెట్టిన చెట్టొకటి ఇరవై నాలుగేళ్ల వయసులో గాలివానకు పడింది. మొదలు చుట్టుకొలత రెండున్నర అడుగులు. అధికారులు వచ్చి చూసి రాసుకున్నాక కోసి చూస్తే, మధ్యలో ఎర్రచేవ నా మణికట్టంత. బావి పక్కన తడిలో పెరిగిన చెట్టు అది, లావెక్కింది కానీ చేవ పట్టలేదు. పదిహేనేళ్లని చెప్పి మొక్కలు అమ్మేవాళ్లు ఆ చేవ చూపించి అమ్మరు. అప్పు చేసి ఎకరమంతా పెట్టొద్దు. గరుసు చెక్కలో, గట్ల మీద పెట్టండి, మిగతా చేనులో మీ శనగ, జొన్న పండించుకోండి. చెట్టు మనవళ్లకు అందుతుంది.

సొంత పట్టాలో నాటడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. నరకాలన్నా, కొయ్య ఊరు దాటించాలన్నా అటవీ శాఖ అనుమతి తప్పదు. అందుకే నాటిన ఏడే పట్టా కాగితాలు తీసుకుని రేంజి ఆఫీసుకు వెళ్లి ఎన్ని మొక్కలు, ఏ సర్వే నంబరు అని రాతపూర్వకంగా నమోదు చేయించు. ఇరవై ఏళ్ల తర్వాత ఈ చెట్టు అడవిది కాదు, నాది అని నిరూపించడానికి నీ దగ్గర ఉండే కాగితం అదే. 1995 నుంచి ఇది సైట్స్ అనే అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో ఉంది, విదేశాలకు పోయే ప్రతి దుంగకూ లెక్క ఉండాలి. సాగు చేసిన కొయ్య ఎగుమతికి అడ్డుగా ఉన్న ఆ ఒప్పందపు ప్రత్యేక సమీక్ష నుంచి 2023 నవంబరులో మన దేశాన్ని తప్పించారు, అది రైతుకు మంచి వార్తే. లంకమలలోకో ఇంకో రిజర్వు అడవిలోకో వెళ్లి కాయలు ఏరుకురావడం మాత్రం వద్దు. ఊళ్లో, గట్ల మీద తల్లిచెట్లు చాలా ఉన్నాయి.

నేను మొక్కలు అమ్ముకునేదాన్నే అయినా, కొనకు, గింజ నుంచే పెంచు అని నీకు చెప్తున్నాను. ఈ చెట్టు ప్రపంచంలో ఇంకెక్కడా తనంతట తాను అడవిగా పెరగదు. మన కడప, అన్నమయ్య, తిరుపతి, నెల్లూరు కొండలు, వాటికి ఆనుకున్న కొంచెం మేర, అంతే. కొండల్లో పెద్ద చెట్లు గొడ్డలికి పోయాయి. మన ఊరి చెట్టు గింజకు మన ఎండా, మన వానా ముందే తెలుసు.

పోయిన ఏటి మడి ఇంకా తవ్వలేదని రాశావు. తవ్వకు. మొలవని కాయలు అందులో నూట ఎనభై తొమ్మిది ఉన్నాయి, పెంకు ఒక ఏడాదంతా తడిసి ఆరింది. రోహిణి కార్తెలో పైన పల్చగా గడ్డి కప్పి పెట్టు. మృగశిర వాన పడ్డాక రెండు వారాలకు గడ్డి ఎత్తి చూసి, ఏమన్నా లేచాయేమో, ఆ నాలుగు ప్యాకెట్లలో చిగురు వచ్చిందేమో నాకు రాయి.